రాసిన కండ్లు

శనివారం పొద్దు వాలకముందే సుంకులమ్మ కంబన్న ఇంటికి పోయి టీవీ ముందర చోటు పట్టుకుంది. టీవీ ఇంకా గుడ్డ కప్పుకొనే ఉంది. కంబన్న పెండ్లాము రామేశ్వరమ్మ పడసాలలో శెనిక్కాయలు ఒలుస్తూ తలెత్తి చూసింది.

"ఏం సుంకులక్కా, నాలుక్కే వస్తివి. బొమ్మలు మొదలయ్యేది ఆరు గంటలకు గదా?"

"ఉండనీలేమ్మా. ఒక మూల కూచుంటా."

"కూచో, ఎవురొద్దన్నారు? కాళ్లు కడుక్కుంటివా? పోయిన ఆదివారం ఎవురో పేడకాళ్లతో వచ్చి గచ్చంతా తొక్కిపాయిరి. నీ కొడుకు టీవీలో వస్తాడంటే ఊరంతా నా ఇంట్లోనే ఉంటుంది ఈ రెండు దినాలు."

సుంకులమ్మ ప్రాణమంతా ఆ గుడ్డ వెనకాల ఉంది.

కొడుకు వీరభద్ర ఇల్లు విడిచి పద్నాలుగు నెలలు. మంగంపేట ముగ్గురాయి గనులకు కూలికి పోతాండానని చెప్పి, సంచి భుజాన వేసుకొని బస్సెక్కినాడు. అంతకుముందు రెండేండ్లు అక్కడే పని చేసినాడు. అక్కడే రాయచోటి పక్క పల్లె నుంచి రాళ్లు మొయ్యడానికి వచ్చిన రమణిని చేసుకున్నాడు. ఈసారి మాత్రం గనికి పోలేదు. మేస్త్రీని అడిగితే "మా దగ్గరికి రాలేదమ్మా" అన్నాడు. కర్నూల్లో పోలీసులకు కాగితం ఇచ్చినారు. ఏడాది గడిచినాక పోయిన నెల ఒక కానిస్టేబులు కనపడి, "ఫోటో ఢిల్లీకి పోయిందమ్మా. వచ్చే శనివారమో ఆదివారమో నీ కొడుకు టీవీలో వస్తాడు, చూసుకో" అన్నాడు.

ఆ మాటను ఊరు తనకు తోచినట్టు అర్థం చేసుకుంది. ఢిల్లీవాళ్లు వెతికి పట్టుకున్నారు, ఉన్నాడో పోయినాడో టీవీలో చెబుతారు అనుకున్నారు. లారీ డ్రైవరు ఇలియాస్ ఒక్కడే సుంకులమ్మకు ఉన్నదున్నట్టు చెప్పినాడు. "వాళ్లకేం తెలుసు పెద్దమ్మా? ఫోటో చూపించి, ఈ మనిషిని చూసినోళ్లు చెప్పండి అని అడుగుతారు. అంతే."

అంతే చాలు సుంకులమ్మకు. ఎందుకంటే రమణి అన్న నాగరాజ్ పొద్దున బస్సుకే వచ్చి ఇంట్లో కూర్చోనుండాడు. మొగుడు లేని ఇంట్లో చెల్లెల్ని ఇంకెన్నాళ్లు పెట్టాలని అడిగినాడు. కడకు పెద్దల ముందర మాట ఇచ్చినాడు. "సర్కారోళ్లు నిజంగా వెతుకుతాండారని కండ్లతో చూస్తే ఆర్నెల్లు ఆగుతా. ఈ శని, ఆదివారాల్లో మీవోడు టీవీలో రాకపోతే సోమవారం బస్సుకు రమణిని పిల్చుకపోతా. మా పక్క మారుమనువుకు అడిగేటోళ్లు ఉండారు."

రమణి పోతే వీరభద్ర ఈ ఇంటికి తిరిగొచ్చే దోవ మూసుకుపోయినట్టేనని సుంకులమ్మ భయం. పెండ్లాము లేని ఇంటికి వాడెందుకు వస్తాడు? తనకోసమా? తనకోసమైతే పొయ్యేవాడే కాదు గదా!

ఆరు దాటినాక టీవీ పెట్టినారు. మిద్దె మీద కంబన్న కొడుకు పరమేష్ ఏరియల్ తిప్పుతాంటే కింద నుంచి పది గొంతులు "ఇంకొంచెం, ఇంకొంచెం, అబ్బా పాయె!" అని అరిచినాయి. చుక్కల్లోంచి మనుషులు తేలినారు. అంతా హిందీ. ఇలియాస్ టీవీ పక్కన పీట మీద కూర్చొని తెలుగులో చెబుతాండాడు. ఆ ఊళ్లో హిందీ వచ్చేది సాయిబుల ఇండ్లలోనే. ఉన్నవాళ్లలో కతలాగ చెప్పేది ఇలియాసే.

తెర మీద ఎవరో పెద్దమనిషి చాలాసేపు మాట్లాడినాడు.

"ఏమంటాండాడు ఇలియాసూ?"

"ఎరువు తక్కువ వెయ్యండి అంటాండాడు."

"అంతసేపు మాట్లాడింది అదేనా?"

"మిగతాదంతా నీళ్లు పెట్టండి అని."

"నీళ్లు యాడుండాయని చెప్పినాడా మరి?" అన్నాడు కంబన్న మంచం మీద నుంచి. అందరూ నవ్వినారు. గడపకు ఆనుకొని నిలబడిన రమణి కూడా కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. సుంకులమ్మ తెర విడిచి ఆ నవ్వునే చూసింది. ఇరవై రెండేండ్ల పిల్ల. నవ్వి ఎన్నాళ్లయిందో.

ఆ శనివారం వీరభద్ర రాలేదు. ఇంటికి నడుస్తాంటే నాగరాజ్ ఒక మాట అన్నాడు. "ఇంక రేపొక్క దినమే, అత్తా." గొంతులో ఎగతాళి లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఆమెకు ఇంకొక భయం కూడా ఉంది. అది ఎవరికీ చెప్పుకోలేదు.

వీరభద్రకు ఉన్నదొకటే ఫోటో. తిరునాళ్లలో గుడారం వేసిన ఫోటోవాడు తీసింది. వాడిచ్చిన నల్లద్దాలు పెట్టుకొని, కాలు మీద కాలు వేసుకొని దొరలాగ కూర్చున్నాడు. రమణి దాన్ని తన ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచుకునింది. పోలీసులకు కావాలని సుంకులమ్మ ఆ ఫోటో పట్టుకొని ఒక్కతే కర్నూలుకు పోయింది. కానిస్టేబులు చూసి ఆమె చేతిలోనే తిరిగి పెట్టినాడు. "ఈ అద్దాలతో ఎవడు గుర్తుపడతాడమ్మా? కండ్లు కనబడే ఫోటో తీసుకురా."

కండ్లు కనబడే ఫోటో యాడుంది? రోడ్డు మీద నిలబడి ఏడ్చింది. అప్పుడు నబీ సాహెబ్ గుర్తుకొచ్చినాడు. ఆ ఊరి పాతబస్తీలో అతనిది పాతకాలం స్టూడియో. చుట్టుపక్కల పల్లెల్లో ఎవరు పోయినా అతన్నే పిలుస్తారు. పీనుగును కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, వెనకాల దుప్పటి పట్టుకొని ఫోటో తీయిస్తారు. మూసుకున్న రెప్పల మీద అతను సన్న కుంచెతో తెరిచిన కండ్లు రాసి ఇస్తాడు. పన్నెండేండ్ల కింద సుంకులమ్మ మొగునికి కూడా అట్లే రాసిచ్చినాడు. ఆ పక్క ఏ ఇంటి గోడ చూసినా అట్లాంటి పటం ఒకటుంటుంది. కండ్లు పెద్దవిగా, రెప్ప వాలకుండా, ఎటు పోయినా మనల్నే చూస్తాన్నట్టు ఉంటాయి.

"అద్దాల మీద కండ్లు రాస్తావా సాయిబూ?"

నబీ సాహెబ్ ఫోటోను వెలుతురుకు పెట్టి చూసినాడు. "రాస్తా గానీ అమ్మా, వీడు ఉండాడు గదా?"

"ఉండాడు, ఉండాడు. వెతకడానికే."

"బతికినోనికి నేనెప్పుడూ రాయలేదు. సరే, కండ్లు ఎట్లుంటాయి వానికి?"

"వాళ్ల నాయన మాదిరే" అంది. అతను నిజంగానే ఆ మనిషి కండ్లు మరచిపోలేదు. గంటసేపు కూర్చొని రాసినాడు. ఉన్న ఒక్క ఫోటో మీదనే రాసి, ఆ మొగాన్ని మళ్లీ పెద్దదిగా ఫోటో తీసిచ్చినాడు. చేతిలో పెడితే ఆమె దాన్ని బోర్లా తిప్పి పట్టుకుంది. అయినా మొగం కొడుకుదే గదా అని సర్ది చెప్పుకుంది. రమణికి మాత్రం చెప్పలేదు. బతికిన మొగునికి కండ్లు రాయించినారంటే ఆ పిల్ల ఏమనుకుంటుంది? నోటితో అనకూడని మాట అది. ఆ కండ్లతో పాత ఫోటోను ఇంటికి తేలేక దోవలో ఏట్లో వదిలి, పోలీసుల దగ్గరే ఉండాదని అబద్ధం చెప్పి ఊరుకుంది.

ఆదివారం పొద్దున ఇలియాస్ వచ్చినాడు. "పెద్దమ్మా, ఓనరు కబురు పెట్టినాడు. ఉల్లిగడ్డ లోడు ఉండాది, మంగళవారం దాకా రాను. సాయంత్రం తెలుగులో చెప్పేదానికి మా నబీసవ్వను పోయి కూర్చోమని చెప్పినా."

నబీసవ్వ రాలేదు. మోకాళ్లు పట్టుకున్నాయంట. సినిమాకని ఇల్లంతా నిండింది. కిటికీల్లో తలకాయలు, మెట్ల మీద ఆడవాళ్లు. మొదట్లో ఏదో నాటకం, తర్వాత ఎవరో పాడినారు. తర్వాత పాట ఆగిపోయి తెర మీద ఒక ఫోటో కదలకుండా నిలబడింది.

వీరభద్ర.

టీవీ పెట్టెంత మొగం. కింద ఏవో హిందీ అక్షరాలు. ఆడమనిషి గొంతు ఒకటి మెల్లగా, ఏ ఊపూ లేకుండా చదువుతాంది. వాడి కండ్లు పెద్దవిగా, రెప్ప వాలకుండా, గదిలో ప్రతి ఒక్కరినీ చూస్తాండాయి.

సుంకులమ్మ మొదట సంతోషపడింది. వచ్చినాడు! ఆర్నెల్లు! నాగరాజ్ వైపు తిరిగింది. వాడు నోరు తెరుచుకొని తెరనే చూస్తాండాడు. కిటికీల్లో తలకాయలు ముందుకు వంగినాయి. ఆ ఊళ్లో అట్లాంటి కండ్లు ఎవరికి తెలియవు? పోయిన నెల ఎవరో పెద్ద నాయకుడు పోయినప్పుడు టీవీలో ఇట్లే ఆటలన్నీ ఆపి ఒక ఫోటో నిలబెట్టినారు. అది కూడా ఎవరూ మరచిపోలేదు.

"అయ్యో, కండ్లు రాసినారు గదే!" అంది మెట్ల మీద నుంచి ఒక గొంతు.

రామేశ్వరమ్మ రొమ్ము మీద గుద్దుకుంది. "పాయెనా కొడుకా వీరభద్రా! యాడ పోతివిరా నాయనా!"

అంతే. ఒకరిని చూసి ఒకరు ఏడుపు ఎత్తుకున్నారు. ఫోటో ఎప్పుడు పోయిందో, ఆ గొంతు ఏం చెప్పిందో ఎవరికీ వినబడలేదు. సుంకులమ్మ లేచి రెండు చేతులూ ఊపింది. "ఏడవొద్దండి! పోలేదు! కండ్లు నేనే రాయించినా! వాడు ఉండాడు!"

"పాపం, కన్నకడుపు. ఎట్ల ఒప్పుకుంటుంది?" అని ఆమెను పట్టుకొని కూర్చోబెట్టినారు. తిమ్మయ్య అనే ముసలాయన తలకు చుట్టిన గుడ్డ విప్పి మొగం తుడుచుకుంటూ, "బతికినోనికి ఎవురన్నా కండ్లు రాయిస్తారా సుంకులూ?" అన్నాడు. కంబన్న లేచి పోయి టీవీ ఆపినాడు. సినిమా కోసం వచ్చిన ఒక్కరు కూడా అడ్డం చెప్పలేదు.

రమణి ఏడవలేదు. నిలబడినచోటు నుంచి అట్లే వెనక్కు తిరిగి ఇంటికి నడిచింది.

సుంకులమ్మ వెనకాలే పోయేసరికి ఆ పిల్ల గోడ మీది మామ పటం దించి, వాకిట్లో వెలుతురులో పెట్టుకొని చూస్తాంది.

"అవే కండ్లు" అంది తలెత్తకుండా. "ఒకటే చెయ్యి. ఎప్పుడు రాయించినావత్తా?"

"కార్తీకంలో. పోలీసులు అద్దాలతో వద్దన్నారు. దానికి..."

"నువ్వు పట్టుకపోయింది అద్దాల ఫోటో. అద్దాలు యాడ పోయినాయి మరి?"

"వాటి మీదనే రాసినాడే. నబీ సాహెబును పోయి అడుగు, కర్నూల్లోనే ఉండాడు."

"అడిగితే ఏమంటాడు? మీ అత్తకు కండ్లు రాసిచ్చినానంటాడు. నేను అంటాండేది కూడా అదే గదా?"

రమణి నిదానంగా అడుగుతాంది. అరిచి తిట్టినా బాగుండేది.

"ఎవురో కబురు తెచ్చినారు. నువ్వు పోయి చూసుకొని వచ్చినావు. కూర్చోబెట్టి తీయించినావు. నాకు చెబితే నేను పోతానని, నీకు చేసిపెట్టే దిక్కు ఉండదని దాచినావు. పాత ఫోటో పోలీసుల దగ్గర ఉండాదంటివి. అదీ అబద్ధమే గదా?"

"అది అబద్ధమే రమణీ. కానీ మిగతాది..."

"సాలు అత్తా."

ఇలియాస్ వచ్చేదాకా ఆగమని సుంకులమ్మ నాగరాజ్ కాళ్లు పట్టుకునేంత పని చేసింది. "వాడు చూడలేదు గదా, వచ్చి ఏం చెబుతాడు?" అన్నాడు వాడు. "ఆర్నెల్లంటివే" అంటే, "బతికుంటే అన్నా" అన్నాడు.

సోమవారం పొద్దున రమణి తన పెట్టె తానే సర్దుకుంది. చేతులకు గాజులు లేవు. పగలగొట్టలేదు, తీసి గూట్లో పెట్టింది. రోడ్డు దాకా ముగ్గురూ నడిచినారు. ఎండ అప్పుడే సుర్రుమంటాంది. నాగరాజ్ పెట్టె దించి, బీడీ ముట్టించుకోవడానికని అవతలికి పోయినాడు.

రమణి కంకర కుప్ప పక్కకు, సుంకులమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది.

"అత్తా, నా మీద ఆన. నిజం చెప్పు. నేనేం తిట్టను. నాకు తెలిస్తే సాలు. మా అన్న ఎవురికో ఒకరికి ఇస్తాడు. ఆడ పొయ్యి ముందర కూచున్నా, చేన్లో ఉన్నా, ఎవురన్నా దోవలో వస్తాంటే ఆయనేమో అని లేచి చూస్తా. పద్నాలుగు నెలలు అదే చేసినా. ఇంక నాతో కాదు. పోయినాడని నీ నోటితో ఒక్కసారి చెప్పు."

సుంకులమ్మ ఆ పిల్ల మొగం చూసింది. పోలేదని ఇంకొకసారి చెప్పొచ్చు. నమ్మదు. నమ్మినా లేచి చూస్తానే ఉంటుంది. పద్నాలుగు నెలలు తాను కూడా అదే చేసింది. అట్లా చూడటమంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"పోయినాడు" అంది.

"యాడ?"

"బళ్లారి పక్క. కాలువ పనిలో మట్టి విరిగి పడిందంట."

"ఎప్పుడు?"

"నిరుడు... కార్తీకం ముందర."

"నలిగిపోయినాడా?"

"లేదమ్మా. మొగం బాగుండింది. నిద్రపోయినట్టే ఉండె."

"దండ వేసినారా?"

"బంతిపూల దండ. నేనే వేసినా."

రమణి కింద కూలబడింది. అప్పుడు వచ్చింది ఏడుపు, కడుపులో నుంచి, రోడ్డున పోయేవాళ్లు సైకిళ్లు దిగేటంత. సుంకులమ్మ పక్కన కూర్చొని ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుంది. బస్సు వచ్చినంక నాగరాజ్ లేపినాడు. ఎక్కేముందు రమణి వంగి ఆమె కాళ్లకు మొక్కింది. "ఎట్ల దాచుకున్నావత్తా ఇన్నాళ్లు ఒక్కదానివే?" అంది. బస్సు కదిలింది.

సుంకులమ్మ ఇంటికి వచ్చేసరికి వాకిట్లో ఆడవాళ్లు కూర్చొని ఉండారు. రామేశ్వరమ్మ, తిమ్మయ్య పెండ్లాము, ఇంకా నలుగురు. అండా నిండా నీళ్లు కాచి పెట్టినారు. నిన్న సాయంత్రం కూడా వచ్చినారు, సావు స్నానం చేయిస్తామని. నిన్న చీపురు తీసుకొని తరిమింది వాళ్లను.

ఈసారి ఏమీ అనలేదు. బండ మీద కూర్చొని కొప్పు ముడి విప్పుకుంది. రామేశ్వరమ్మ చెంబు ముంచి మొదటి నీళ్లు ఆమె నెత్తిన పోసింది.