పార్దేలా ముట్టిన మెతుకులు

భార్య లచ్చవ్వ చనిపోయిన సంగతిని ఆమె తమ్ముడు దుర్గయ్య ముత్తయ్యకు మూడు రోజులు చెప్పకుండా దాచాడు. అది తప్పు. పదకొండేళ్ళుగా తప్పే. ఇప్పుడు దుర్గయ్య కూడా పోయాడు కాబట్టి అది ఒప్పైపోదు.

సిరిసిల్లలో చందు సాంచాల షెడ్డులో, మరమగ్గాల చప్పుడు మధ్య, ముత్తయ్య కండెలు చుట్టే మిషను ముందు కూర్చుని, తెగిన దారానికి ముడి వేస్తున్నప్పుడు కోరుట్ల నుంచి ఫోను వచ్చింది. దుర్గయ్య భార్య రాజలక్ష్మి.

"అన్నా, పిట్టకు పెట్టినం. ముడుతలేదు."

దుర్గయ్య పోయి మూడో రోజు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి, ఎడంగా జరిగి కాకి కోసం చూసే రోజు. పిట్ట ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలినట్టు. అప్పుడు ఒక్కొక్కరూ విస్తరి ముందుకు వచ్చి మాట ఇవ్వాలి.

"అందరం మాటిచ్చినం. పిలగాండ్లిచ్చిండ్రు, నేనిచ్చిన. కాకులు తుమ్మచెట్టు మీద కూసున్నయి గని దిగుతలెవ్వు. నీ కోసమే సూస్తున్నడంటున్నరే. అచ్చి ఒక్క మాట అనన్నా."

"పనుంది," అని ముత్తయ్య ఫోను పెట్టేశాడు.

పని నిజంగానే ఉంది. చందుకు మొట్టమొదటి విదేశీ ఆర్డరు వచ్చింది. ఎక్కడో ఒక రేవు పట్నంలో, పాత ఓడలు చూడటానికి వచ్చేవాళ్ళకు అమ్మే టేబుల్ గుడ్డలు. ఒక వరసలో యుద్ధనౌకలు, ఒక వరసలో సముద్రపు పక్షులు, ప్రతి బొమ్మ కింద స్పానిష్ పేరు. పంపిన గుడ్డ వాళ్ళకు నచ్చింది. ఇప్పుడు అవే బొమ్మలతో, ఇంగ్లీషు పేర్లతో ఇంకో పెద్ద లాటు కావాలని రాత్రి కబురు వచ్చింది. మధ్యాహ్నంలోగా నమూనా నేసి ఫొటో పంపాలి. పంపకపోతే ఆర్డరు వేరే ఊరికి పోతుంది.

"కాకా, ఇటు రా జెర," అని చందు కేకేశాడు. "ఫోన్‌ను అడిగితే గీ పిట్ట స్పానిష్ పేరు మీద ఏదో జైలున్నదని చెప్పింది. నువ్వు గా స్పెయినోళ్ళ ఓడల చేసినవు గదా?"

ముత్తయ్య గల్ఫులో సముద్రం అడుగు మట్టిని తోడే ఓడ మీద పనిచేశాడు. డెక్కు కడగడం, తుప్పు గీకడం, రంగు వేయడం. పైవాళ్ళందరూ స్పెయినువాళ్ళు. పాకో అనే మేస్త్రి ఒకడు, పని లేనప్పుడు దూరంగా పోయేదాన్నల్లా వేలితో చూపించి పేరు చెప్పేవాడు. ఓడయినా సరే, పక్షయినా సరే. ముత్తయ్య తిరిగి అనేదాకా వదిలేవాడు కాదు.

కంప్యూటరు ముందు డిజైన్లు గీసే లత కూర్చుని ఉంది. ముత్తయ్య లుంగీకి చేతులు తుడుచుకుని ఆమె వెనక నిలబడ్డాడు.

"ఫ్రగాతా," అని లత తెర మీది పేరు చదివింది.

"గది ఫ్రిగేట్. ఇంగ్లీషు కెప్టెన్లు రేడియోల గట్లనే అందురు."

"కోర్బేతా?"

"కార్వెట్. దానికంటె చిన్నది."

"దెస్త్రుక్తోర్?"

"డెస్ట్రాయర్. గదొస్తే మా ఓడ పక్కకు జరగాలె."

"దీన్నేమంటరు తాతా, దా... దాగ్రా..."

"దాగ్రా కాదే. దుకాణంల ఉద్దెర అడిగినట్టు గొణుగుతవేంది. నోరు తెరిసి అను. ద్రగా-మీ-నాస్. నీళ్ళల్ల బాంబులుంటయి సూడు, గవ్వి ఏరే ఓడ."

లత వెతికింది. "మైన్‌స్వీపర్," అని టకటకా కొట్టేసింది. చందు ఈల వేశాడు. సాంచ నడిపే మొండయ్య పని ఆపి వచ్చి నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఎవరితోనూ పది మాటలు మాట్లాడని ముసలాయన గొంతు షెడ్డంతా వినిపిస్తోంది. ముత్తయ్యకు ఒళ్ళు వెచ్చబడింది. తనకు తెలియకుండానే ఓడ ఊగుతున్నట్టు కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు.

పక్షుల దగ్గర తడబడ్డాడు. గవియోతా అంటే గల్ అని చెప్పాడు. చర్రాన్ కూడా గల్లే, చిన్నది అన్నాడు. "కాదు తాతా, తోక సూడు, చీలి ఉన్నది. టర్న్," అని లత దిద్దింది. ఫోను జైలని చెప్పిన పిట్టకు ఆమే బొమ్మ పక్కన బొమ్మ పెట్టి చూసి గానెట్ అని పట్టుకుంది. ముత్తయ్య సిగ్గుపడలేదు. ఒడుపు తెలిసిన మనిషితో బరువు మోస్తున్నట్టుగా ఉంది.

"ఒక్కటే మిగిలింది. పార్దేలా."

ముత్తయ్య బొమ్మ మీదికి వంగాడు.

పదకొండేళ్ళ కింద ఓడ మీద ఫోనులో దుర్గయ్య గొంతు, ఇందాకటి రాజలక్ష్మి గొంతులాగే వచ్చింది. "బావా, అక్క పోయి మూడొద్దులాయె. చెప్తే పని ఇడిసిపెట్టి ఉరికొస్తవని చెప్పలే. పిట్ట ముడుతలేదు బావా. స్పీకర్ పెడుత, ఒక్క మాట అను." ముత్తయ్య ఆ కోపంలో ఫోను కట్ చేశాడు. వంటగదిలోంచి తన పళ్ళెంలో అన్నం, చేప ముక్క పట్టుకుని డెక్కు చివరకు పోయి ఇనుము మీద పెట్టాడు. గోధుమ రంగు పక్షి ఒకటి నీళ్ళ మీది నుంచి వచ్చి డెక్కు మీద పడింది. నిలబడలేకపోయింది. రొమ్ము మీద దేకుతూ వచ్చి మెతుకులు మింగి, దేకుతూ అంచుదాకా పోయి గాలిలోకి జారింది. పార్దేలా, అన్నాడు వెనక నుంచి పాకో.

అప్పుడు కోరుట్లలో లచ్చవ్వ విస్తరిని చివరికి ఏ పిట్టా ముట్టలేదు. వాగులో కలిపారు. ఓడ మీద ముట్టింది, కానీ ఆ పిట్ట కుంటిది. చావబోయే పిట్ట దేన్నైనా తింటుంది. అది ముట్టినట్టు లెక్కా కాదా అని ఎవరినైనా అడగాలంటే ముందు సంగతంతా చెప్పాలి. ముత్తయ్య చెప్పలేదు.

"షియర్‌వాటర్ అట," అంది లత. బొమ్మ ఇంకా బాగా గీద్దామని దాని గురించి చదువుతోంది. "పాపం, దీనికి నేల మీద నడువరాదట. కాళ్ళు మరీ ఎనుకకుంటయట. రొమ్ము మీద దేకుకుంట పోతదట."

"కుంటిదా?"

"కుంటిదేంది తాతా. గది దాని నడకనే. గుడ్లు పెట్టేతందుకు తప్ప నేల మీదికే రాదట."

"మళ్ళ సదువు."

చదివింది.

"ఇంకోపారి."

"పిల్లను బడిల కూసోబెట్టినవా ఏంది కాకా," అన్నాడు చందు. "అవతల సాంచ ఖాళీగున్నది."

ముత్తయ్య నవ్వాడు. ఆ షెడ్డులో ఆయన పళ్ళు అంతకుముందు ఎవరూ చూడలేదు. గబగబా వెళ్ళి గోధుమ రంగు కండెలన్నీ తానే ఏరి తెచ్చాడు. సాంచ మొదలైంది. దారం వెంట దారం, ముందు అల, అల మీద తెల్లటి రొమ్ము, ఆ తరవాత పొడుగాటి రెక్కలు. కుర్రవాడిలా వంగి, మొండయ్య వద్దంటున్నా వినకుండా, సాంచ పక్కనే నిలబడి చూశాడు. చందు ఫొటో తీసి పంపాడు. కాసేపటికి అవతల నుంచి సరేనని వచ్చింది. చందు లతను, మొండయ్యను, చివరికి చాయ్ తెచ్చినతన్ని కూడా కావలించుకున్నాడు.

"నీకేం గావాలె కాకా, అడుగు."

"గా నమూనా గుడ్డల పిట్ట ముక్క కత్తిరించియ్యి."

అప్పుడే మళ్ళీ ఫోను మోగింది. "అన్నా, ఇగ వాగుల కలుపుదామంటున్నరు పెద్దమనుషులు," అంది రాజలక్ష్మి. గొంతు బొంగురుపోయింది.

"కలుపద్దు. ఆపు. వస్తున్న."

కథలాపూర్ మీదుగా పోయే బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. కోరుట్లలో దిగి వాగు ఒడ్డుకు దాదాపు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఎండ పసుపు రంగుకు తిరిగింది. విస్తట్లో కోడికూర, గారెలు, పక్కన గ్లాసులో కల్లు, బీడీల కట్ట. కాకులు తుమ్మచెట్టు మీదే ఉన్నాయి. జనం దారి ఇచ్చారు. రాజలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ముత్తయ్య విస్తరి ముందు గొంతుక్కూర్చున్నాడు.

"దుర్గా. మీ అక్కకు పిట్ట ముట్టింది. సముద్రం మీద ముట్టింది. కుంటిది కాదు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ఎవరికీ చెప్పడం లేదు కూడా.

"నువ్వు చేసింది తప్పే." గ్లాసు వంకరగా ఉంటే సరిచేశాడు. "ఇగ దాని గురించి మాట్లాడ. నీతోటి మాట్లాడ, ఎవ్వలతోటి మాట్లాడ. సచ్చేదాక మాట్లాడ."

జేబులోంచి గుడ్డముక్క తీసి విస్తరి పక్కన పరిచి, ఎగరకుండా గులకరాయి పెట్టాడు. లేచాడు. ఉండుమని రాజలక్ష్మి పిలిచింది. చెయ్యి ఊపి రోడ్డు వైపు నడిచాడు. వెనకాల రెక్కల చప్పుడు, ఆ వెంటనే ఆడవాళ్ళ గొంతులు ఒక్కసారిగా లేచాయి. ఆయన తిరిగి చూడలేదు. సిరిసిల్ల బస్సు ఆగి ఉంటే ఎక్కాడు.

అందరూ స్నానాలకు వాగులోకి దిగాక, ఖాళీ విస్తరి పక్కన గులకరాయి కింద ఆ గుడ్డముక్క ఒక్కటే మిగిలింది. కూర నూనె ఒక మూల నుంచి మెల్లగా ఎక్కుతూ, అల మీద రొమ్ము ఆనించిన పిట్ట దాకా వచ్చి ఆగింది.