మా మరిది పెట్టిన సెట్టింగు

మా మరిదికి తెలియని విషయం లేదు. ఈ మాట అతనే చెప్పుకుంటాడు కాబట్టి నమ్మక తప్పదు. పెద్ద కంపెనీలో డేటాబేసులు చూసుకుంటాడు. ఇంట్లో బల్బు మార్చాలంటే మాత్రం మా ఆయన్ని కేకేస్తాడు.

మా అత్తగారిది బట్టలు కుట్టే కొట్టు. ఇంటి ముందుగదే కొట్టు. కత్తిరింపు ఆవిడది, కుట్టు నాది. ఇరవై ఏళ్లుగా ఇదే ఏర్పాటు. ఆవిడ బల్ల మీద బట్ట పరిచి, సుద్దతో గీసి, కత్తెర నడిపిస్తుంటే నేను పక్కన నిలబడి ముక్కలు అందుకుంటాను. ఒక్కసారి కొట్టుకొచ్చిన బట్ట నన్ను కత్తిరించనివ్వమని ఎప్పుడడిగినా "చూద్దాంలే" అంటారు. ఇరవై ఏళ్లుగా చూస్తూనే ఉన్నాం.

ఈ ఏడు ఆవిడకి కంటి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. ఒక కన్ను ఎప్పుడో మసకబారింది. రెండోదానికి ఆపరేషన్ చేసి కట్టు కడతామనీ, ఆరు వారాలు కత్తెర ముట్టుకోకూడదనీ డాక్టరు చెప్పాడు. ఇకనైనా నాకు అప్పగిస్తారనుకున్నాను. ఇంటికొచ్చాక ఆవిడ తేల్చేశారు.

"నన్నడక్కుండా కొలతలు చూసుకోగలిగితే కత్తిరించు. లేదంటే అన్నాళ్లూ కొట్టు మూసేద్దాం."

ఇదేమంత సులువు కాదు. కొలతలన్నీ పద్నాలుగు నోటు పుస్తకాల్లో ఉన్నాయి. ఆవిడ రాత ఆవిడకే తెలుసు, ఒక్కోసారి ఆవిడకీ తెలియదు.

అప్పుడు రంగంలోకి దిగాడు మా మరిది. అన్నీ క్లౌడ్‌లో పెట్టేస్తానన్నాడు. పేరు కొడితే కొలతలు రావాలట. క్లౌడ్ అంటే ఎవరిదో కంప్యూటరు అద్దెకి తీసుకోవడమేనని మా ఆయన అంటే, అన్నదమ్ములిద్దరూ ఒక పూట మాట్లాడుకోలేదు.

డేటాబేసు తెరవగానే అది ప్రశ్నలు మొదలుపెట్టింది. ఏ అక్షరాలు దాచుకోవాలి అంది. మరిది యూనికోడ్ ఎంచి, "ఇది పెట్టకపోతే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది వదినా. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు" అని కాలరు సర్దుకున్నాడు. అక్షరాలని ఏ భాష పద్ధతిలో పోల్చాలి అని తర్వాతి ప్రశ్న. దాన్ని కొలేషన్ అంటారట. అక్కడ ముందే ఏదో పరాయి భాష ఎంచి ఉంది.

"తెలుగు పెట్టవా?" అన్నాను.

"అది పేర్లు వరసలో పేర్చుకోవడానికి. ఎలా ఉన్నా మనకేం నష్టం లేదు."

పరీక్ష కోసం తన పేరు, తన బాసు పేరు ఇంగ్లీషులో కొట్టి వెతికాడు. చిటికెలో దొరికాయి. ఇంట్లో ఎవరూ ఇంగ్లీషులో పేరు రాసుకోరు, కొట్టుకొచ్చేవాళ్ల పేర్లూ తెలుగులోనే రాస్తాం. ఆ సంగతి అంత తెలివైనవాడికి తట్టలేదు.

ఆపరేషన్‌కి ముందు మూడు వారాలు సాయంత్రాలు తల్లీ కొడుకూ తలుపేసుకుని కూర్చున్నారు. ఆవిడ చదవడం, ఇతను కొట్టడం. నేను టీ ఇచ్చి వచ్చేయాలి. నాకు ఉక్రోషం వచ్చింది. ఇరవై ఏళ్లు పక్కన నిలబడినదాన్ని, ఆ పుస్తకాలు నాకు చదివి వినిపించకూడదా?

కట్టు కట్టిన మూడో రోజున కాలేజీ లైబ్రేరియన్ గారు వచ్చారు. మరుసటి వారం ఆవిడ ఉద్యోగ విరమణ. సభలో వేసుకోవడానికి కోటు కావాలి. బట్ట తెచ్చారు, ముదురు నీలం ఉన్ని. అత్తగారు లోపలి గదిలో పడుకుని ఉన్నారు. నేను ధీమాగా పేరు కొట్టి నొక్కాను.

రెండు వందల పద్నాలుగు మంది వచ్చారు.

మళ్లీ కొట్టాను. అదే రెండు వందల పద్నాలుగు. పక్కవీధి నర్సు పేరు కొట్టినా వాళ్లే. లైబ్రేరియన్ గారు కళ్లద్దాలు పెట్టుకుని ముందుకి వంగారు. అడ్డు పడేలోపే చదివేశారు.

"పోస్టుమాస్టరు: పొట్ట పెరిగింది. అడిగితే పాత కొలతే అని చెప్పాలి." ఆవిడకి నవ్వాగలేదు. వేలు కిందికి జరిపి తన పేరు దగ్గర ఆగారు. "ఎడమ భుజం అంగుళం కిందికి. లోపల దూది పెట్టాలి. చెప్పకూడదు."

నాకు తల కొట్టేసినట్టయింది.

"అందుకా, మీ కొట్టు కోటు వేసుకుంటేనే నేను తిన్నగా కనబడతాను!" అన్నారావిడ. భుజం ఒకసారి తడుముకుని, బట్ట బల్ల మీద పెట్టి, కోపం లేకుండానే వెళ్లారు.

ఆ జాబితాలో ఇంకొంచెం కిందికి పోతే నేనున్నాను.

"పెద్దకోడలు: కూతురికి గౌను కత్తిరించింది. కాగితం అచ్చు లేకుండా. చంక కోత నాకంటే బాగా వచ్చింది. చెప్పకూడదు." పక్కన తారీఖు ఉంది. పదకొండేళ్ల కిందటిది.

ఫోన్ చేస్తే మరిది భోజనం వేళకి ఊడిపడ్డాడు. తెర చూసి, తనే ఇంకో రెండు పేర్లు కొట్టి చూసుకున్నాడు.

"నేనుంచిన పద్ధతికి మన అక్షరాలు తెలీవు వదినా. తెలియనివన్నీ ఒకటేననుకుంటుంది."

"అంటే దాని లెక్కలో నేనూ పోస్టుమాస్టరూ ఒకటే?"

"అలాగే అనుకో. కొత్త డేటాబేసు తెరిచి, సరైన సెట్టింగు పెట్టి, అన్నీ అందులోకి మార్చేస్తా. సాయంత్రానికి అయిపోతుంది."

"నా గురించి రాసింది నీకు ముందే తెలుసు కదూ?"

"కొట్టింది నేనేగా. 'చెప్పకూడదు' అని కూడా నేనే కొట్టాను. మరెలా చెప్పను?"

వాణ్ణి అక్కడే వదిలేసి లోపలికి వెళ్లాను. అత్తగారు కంటికట్టుతో గోడకి ఆనుకుని కూర్చున్నారు. నా అడుగుల చప్పుడుకే విషయం అర్థమైనట్టుంది.

"చదివావా?"

"పదకొండేళ్లు, అత్తయ్యా! నన్ను గుండీలు కుట్టుకుంటూ కూర్చోమన్నారు."

"అరవకు. నీకా సంగతి తెలిస్తే వేరే కొట్టు పెట్టుకుంటావని భయమేసింది. నువ్వు పోతే నాకెవరున్నారు ఇక్కడ?"

"మరి ఇప్పుడెందుకు చదివి వినిపించారు వాడికి? ఆ ఒక్క పేజీ వదిలేయొచ్చుగా."

ఆవిడ కంటికట్టు సర్దుకున్నారు. "వేలు ఆ పేజీ మీదికే పోయింది" అన్నారు.

నాకు కోపం పోలేదు. ఇప్పటికీ మొత్తం పోలేదు. కానీ ఆవిడ చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టాను. మూల కంప్యూటరు దగ్గర మరిది ఈసారి ఇంటిల్లిపాది పేర్లూ తెలుగులో కొట్టి పరీక్ష చేసుకుంటున్నాడు. నేను నీలం ఉన్ని పరిచి, సుద్దతో గీశాను. ఎడమ భుజం గీత కుడిదానికి సమంగానే ఉంచి, లోపల అంగుళం దూదికి గుర్తు పెట్టాను. కత్తెర ఎక్కడుందని అడగలేదు, ఆవిడా చెప్పలేదు. మేకుకి ఉన్నదాన్ని నేనే తీసుకున్నాను.

కోత మొదలుపెట్టాక ఆవిడ తల వంచి ఆ చప్పుడే వింటూ కూర్చున్నారు. భుజం దగ్గర కత్తెర తిప్పే చోటు వచ్చింది. "అక్కడ..." అని మొదలుపెట్టారు. మరుక్షణం రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఊరుకున్నారు. నేను ఆగకుండా కత్తిరించాను.