అక్యూజాటిఫ్‌కు సంతకం

పదో చీటీ పెట్టెలోకి జారవిడిచి, చీటీల గుమాస్తా కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఫ్రెంచి నిఘంటువు ఆఫీసులో ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆయన పని ఒకటే, ఏ మాట ఎక్కడ పుట్టిందో వెతికి చీటీ మీద రాయడం. మధ్యవేలి మీద కలం కాయ, వంగిన మెడ, ఎవరూ పట్టించుకోని గొంతు. ఇంకో ఇరవై రోజులు నోరు మూసుకుంటే పింఛనుతో ఇంటికి పోవచ్చు. పొద్దున అక్క కూడా అదే చెప్పింది.

"ఎవరేమన్నా తలూపి వచ్చెయ్‌రా. నీ మాటలు మనకి కూడు పెట్టవు."

కానీ ఒక మాట ఆయన్ని తలూపనివ్వలేదు. అక్యూజాటిఫ్. ద్వితీయా విభక్తికి ఫ్రెంచివాళ్లు వాడే పేరు. 'నేరం మోపడం' నుంచి పుట్టిందని పాత ముద్రణ చెప్పి ఊరుకుంది. అసలు గ్రీకులు పెట్టిన పేరుకు 'పని వల్ల కలిగినది' అని అర్థం. లాటిన్ పండితులు దాన్ని తమ భాషలోకి తెచ్చుకుంటూ 'నేరం మోపబడినది' అని పొరబడ్డారు. ఫ్రెంచివాళ్లు ఆ తప్పునే నెత్తికెత్తుకున్నారు. గుమాస్తా ఈ సంగతి ప్రూఫులో చేర్చాడు. ప్రధాన సంపాదకుడు కొట్టేశాడు. కొట్టేయడూ మరి? పాత ముద్రణలో ఆ ముక్క రాసిన మహానుభావుడు ఆయనే.

అయితే ఆ ఆఫీసులో ఒక పద్ధతుంది. మాటల పుట్టుకలు చూసే బల్ల నుంచి, అంటే గుమాస్తా నుంచి, సంతకం పడకపోతే పేజీ అచ్చుకు పోదు. మధ్యాహ్నం సంపాదకుడు పేజీ తెచ్చి ఆయన ముందు విసిరాడు.

"పెట్టవయ్యా సంతకం."

"తప్పని తెలిసీ ఎలా పెట్టనండీ?"

"చీటీలు రాసుకునే మొహానికి గ్రీకొకటా?"

గుమాస్తాకు ఒళ్లు మండిపోయింది. అరవడం మాత్రం చేతకాలేదు.

"నాకు తెలిసిందిదొక్కటేనండీ. ఇదీ మీకిచ్చేస్తే నాకేం మిగలదు."

"అయితే రేపట్నుంచి రాకు. నీ పింఛను ఎలా వస్తుందో నేనూ చూస్తా."

పక్క బల్ల టైపిస్టు తల ఎత్తలేదు. ఇరవై ఏళ్లుగా తన తప్పులన్నీ గుమాస్తా చేత గుట్టుగా దిద్దించుకున్న మనిషి. గుమాస్తా ఒక్క క్షణం ఆవిడ వంక చూశాడు. తర్వాత లేచి, గొడుగు తీసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సంపాదకుడు పేజీని టైపిస్టు ముందుకు తోశాడు.

"ఇకనుంచి ఆ బల్ల నీదేనమ్మా. పెట్టు."

ఆవిడ పెట్టింది. సాయంత్రానికి పేజీ అచ్చుకు పోయింది.

ఖాళీ కుర్చీ వీపు మీద, చొక్కాకు సిరా అంటకుండా ఆయన వేసుకునే నల్లగుడ్డ తొడుగులు రెండూ వేలాడుతున్నాయి, మోచేతుల దగ్గర ఆ వంపు ఇంకా పోలేదు.