చల్లటి కాళ్ళ పిల్ల

మా పక్కింటి బసాది పెద్దమ్మ పెరటి గది గుమ్మానికి అడ్డంగా దుంగ పెట్టిందంటే గాబొరోన్ దగ్గరి మా వాడ మొత్తం గొంతు తగ్గించి మాట్లాడుతుంది. లోపల బాలింత ఉందని, పసిగుడ్డు ఉందని అర్థం. బయట తిరిగొచ్చిన వాళ్ళ కాళ్ళలో వేడి ఉంటుంది. మగాళ్ళ కాళ్ళలో ఉంటుంది, కాపురం చేసే ఆడవాళ్ళ కాళ్ళలో ఉంటుంది, చావింటికి వెళ్ళొచ్చిన వాళ్ళ కాళ్ళలో అందరికంటే ఎక్కువ ఉంటుంది. ఆ వేడి దుంగ దాటితే తల్లికీ బిడ్డకీ ఆపద. నేను బళ్ళో సైన్సు చెప్పేదాన్నే, అయినా నా కాన్పులప్పుడు మా అమ్మ పెట్టిన దుంగ వెనకాలే పడుకున్నాను. అందుకని ఆచారాన్ని వెక్కిరించడానికి ఈ కథ చెప్పడం లేదు. నా కోపం వేరే చోట ఉంది.

ఆ చలికాలం దుంగ వెనక ఉన్నది నమెత్సో, పెద్దమ్మ చిన్న కూతురు. అంతకుముందు రెండు కాన్పులూ మట్టిలో కలిశాయి. ఈసారి మగపిల్లాడు దక్కాడు. ఊళ్ళో జబ్బు మళ్ళీ తిరగబెట్టింది. మా దగ్గర శవాల్ని పూడ్చేది శనివారమే, ఆ తెల్లవారుజామున మాత్రమే శ్మశానానికి వెళ్ళే బండ్లు ఇప్పుడు ఏ వారమైనా, ఏ వేళైనా వెళ్తున్నాయి. పెద్దమ్మకు ఒకటే పట్టుదల, దుంగ తీసే రోజున తల్లీ బిడ్డా ఇద్దరూ క్షేమంగా వాకిట్లోకి రావాలి.

ఆరోగ్య కేంద్రం నర్సు బిడ్డ బరువు చూడ్డానికి వస్తే దుంగ ఇవతలే ఆపేసింది.

"ఎక్కడెక్కడ తిరిగొచ్చావో నీకే తెలీదు. అక్కణ్ణుంచే చూసి పో."

"ఇక్కణ్ణుంచి బరువెలా చూడనమ్మా?"

"నా చేతులు నీ తక్కెడకంటే నయం. పెరిగాడు. రాసుకో."

బిడ్డ తండ్రి మోదిరి కంచె బయట నిలబడి "ముక్కు నాదేనా అత్తా?" అని కేకేస్తే, "నీదే, ఏం చేస్తాం, పెద్దయ్యాక సర్దుకుంటుందేమో" అని తరిమేది. మేమంతా నవ్వేవాళ్ళం. "దూరం దూరం అంటూ గవర్నమెంటు నిన్నగాక మొన్న నేర్చుకుంది. మా అవ్వ కాలం నుంచీ మాకొచ్చు" అనేది పెద్దమ్మ. నిజమేగా అనిపించేది. కాస్త గర్వంగా కూడా ఉండేది.

గదిలో నమెత్సో పక్కన పడుకుని, బిడ్డకు నీళ్ళు పోసేది పెద్దమ్మే. అంతలో ఆవిడ తమ్ముడు పోయాడు, ఈ జబ్బుతోనే. తోడబుట్టినవాడి చావుకు వెళ్ళకుండా ఎలా ఉంటుంది? వెళ్ళింది. తిరిగొచ్చాక తన కాళ్ళే వేడెక్కాయి, కొత్త నెలవంక కనబడేదాకా దుంగ దాటకూడదు. పెద్ద కూతురు సెగమెత్సి కూడా మేనమామ చావుకు వెళ్ళింది. పైగా సూపర్ మార్కెట్లో గల్లా దగ్గర కూర్చుంటుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊరంతా ఆమె ముందు నుంచే వెళ్తుంది. ఇక మిగిలింది సెగమెత్సి కూతురు సెతున్యా. ఆరో తరగతి, నా క్లాసే.

పెద్దమనిషి కాని పిల్ల కాళ్ళు చల్లగా ఉంటాయి. చిన్నపిల్లలకు దుంగ అడ్డు కాదు. సెతున్యా బళ్ళోంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, జొన్న గంజి గిన్నె పట్టుకుని దుంగ దాటేది. రాత్రి పిన్ని పక్కనే పడుకునేది. ఆ గదిలో అడుగు పెట్టగలిగింది ఊరు మొత్తం మీద తనొక్కతే అయ్యేసరికి పిల్ల నడకే మారిపోయింది. బళ్ళో లెక్కలు చెయ్యమంటే బిడ్డ వేళ్ళ బొమ్మలు గీసేది, ఒక్కో వేలికీ గోరుతో సహా.

బడి అప్పుడు సగం మందికి ఒక రోజు, మిగతా సగానికి మర్నాడు నడుస్తోంది. ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరు నన్ను పిలిచి, సెతున్యా బెంచీలో రెండో చివర కూర్చునే పిల్లకు జబ్బని తేలిందన్నాడు. క్లాసు మూయడట. ఇళ్ళకు ఫోన్లు చెయ్యాలి. ఆరోగ్య కేంద్రం వాళ్ళు వేసిన డేరాలో పరీక్ష చేయించి లేదని తేలితే పిల్లల్ని బడికి పంపొచ్చు, పరీక్ష వద్దనుకుంటే ఇంట్లో ఉంచుకోవచ్చు. "భయపెట్టకుండా చెప్పండి" అన్నాడు, అదేదో పెళ్ళి కబురన్నట్టు.

ఫోన్లు చేశాను. ఒకాయన "మావాడికి దగ్గు లేదు, పరీక్ష చేస్తే వస్తుంది" అన్నాడు. ఇంకొకావిడ "ఆ డేరా ముందు లైన్లో నిలబడితేనే అంటుకుంటుంది టీచర్, మా చెల్లికి అక్కడే అంటుకుంది" అంది. ఆవిడ మాట అబద్ధమని కూడా అనలేను. సెతున్యా ఇల్లు మా పక్కదే కాబట్టి ఫోను చెయ్యకుండా సాయంత్రం నేనే వెళ్ళాను.

పెద్దమ్మ వాకిట్లో పొయ్యి ముందు కూర్చుని గంజి కలుపుతోంది.

"పెద్దమ్మా, సెతున్యా పక్కన కూర్చునే పిల్లకు జబ్బని తేలింది. రేపు పొద్దున్నే దీన్ని డేరాకు తీసుకెళ్ళి పరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా గదిలోకి పంపకండి."

"దీని ఒళ్ళేమైనా కాలుతోందా? నువ్వే చెయ్యి పెట్టి చూడు."

"ఒళ్ళు కాలకపోయినా ఉండొచ్చు. పిల్లలకు తెలీదు, పెద్దాళ్ళకు అంటించేస్తారు."

"దాని దగ్గర లేనిది పిన్నికెలా ఇస్తుందే? నా ఇంట్లో లేని ఉప్పు నీకు అరువిస్తానా?"

అప్పుడే సెగమెత్సి పనిలోంచి వచ్చింది. చెప్పులు విప్పకుండానే విషయం విన్నది, మెట్టు మీద కూలబడింది.

"ఉందని తేలితే ఏం చేస్తారో నాకు తెలుసు టీచర్. మా పక్క గల్లా అమ్మాయి ఇంటికి ఆరోగ్య కేంద్రం వాళ్ళొచ్చారు. ఇంటిల్లిపాదినీ వరసగా నిలబెట్టి ముక్కుల్లో పుల్లలు పెట్టారు. ఇక్కడికొస్తే నమెత్సోని దుంగ దాటించి బయటికి లాక్కొస్తారు. పచ్చి బాలింతని, ఈ చలిలో."

"లోపలికెళ్ళి కూడా చెయ్యొచ్చు."

"ఎవరూ, రోజూ శవాల మధ్య తిరిగే వాళ్ళా?" అంది పెద్దమ్మ.

"సరే, పరీక్ష వద్దు. పిల్లని గదిలోకి మాత్రం పంపకండి. అదొక్కటి చెయ్యండి చాలు."

"మరెవరెళ్తారు? నువ్వెళ్తావా? మొన్న మీ లెక్కల టీచరు గోతిలో మట్టి వేసి రాలేదూ నువ్వు?"

వేసి వచ్చాను. ఆ నెలలో చావుకు వెళ్ళిరాని పెద్ద ఆడమనిషి మా వాడలో ఒక్కరు కూడా లేరు. జబ్బు మమ్మల్నందరినీ శ్మశానాల చుట్టూ తిప్పి, చివరికి ఆ గదికి ఒక్క చిన్నపిల్లను మిగిల్చింది. అయినా అన్నాను, "వేడి కాళ్ళైతే వేడి కాళ్ళే, మాస్కు పెట్టుకుని నేనే గంజి ఇచ్చొస్తాను."

పెద్దమ్మ గరిటె గిన్నె అంచుకేసి కొట్టింది. "రెండు గోతులు తవ్వించాను ఆ పిల్ల బిడ్డలకి. మూడోది నీ చేత తవ్వించను."

గదిలోంచి నమెత్సో గొంతు వినబడింది. "గొడవ పడకండే. సెతున్యా, గంజి చల్లారిపోతోంది, తేవే."

సెతున్యా నా వంక చూసింది, అమ్మమ్మ వంక చూసింది. కాళ్ళు కడుక్కుంది. నేను నా జేబులోంచి కొత్త మాస్కు తీసి దాని ముఖానికి కట్టాను. "తియ్యి, బిడ్డ జడుసుకుంటాడు" అంది పెద్దమ్మ. పిల్ల మాస్కు తీసి నా చేతికిచ్చి దుంగ దాటింది.

పరీక్ష చేయించలేదు కాబట్టి సెతున్యా బడికి రాలేదు. బడి మానేసింది కాబట్టి పగలు కూడా ఆ గదిలోనే ఉంది. కిటికీ మూసి ఉండే ఆ చిన్న గదిలో, పిన్ని పక్కన, ఒకే దుప్పటి కింద. మా బళ్ళో కిటికీలన్నీ తెరిచి పిల్లల్ని దూరం దూరంగా కూర్చోబెడుతున్నాం. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది.

పిల్లకు రెండు పూటలు ముక్కు కారిందట, అంతే. తర్వాత నమెత్సో దగ్గడం మొదలుపెట్టింది. మొదట గొంతు గరగరలాగే ఉండేది. తర్వాత మా ఇంట్లోకి కూడా వినబడేది. పెద్దమ్మ జలుబుకు వాడే లెంగానా అనే చేదు ఆకులు మరిగించి ఆవిరి గిన్నె సెతున్యా చేతికిచ్చి పంపేది. తను మాత్రం దుంగకు ఇవతల గోడకు వీపు ఆనించి కూర్చుని "పక్కకు తిరిగి పడుకోవే తల్లీ, బిడ్డను ఎడంగా పడుకోబెట్టు" అని చెబుతూ ఉండేది. చెయ్యి చాపితే కూతురి పాదం అందేంత దూరం. చాపలేదు. మోదిరి కంచె దగ్గరికి వస్తూనే ఉన్నాడు కానీ ముక్కు సంగతి ఎత్తడం మానేశాడు.

ఎవర్నీ అడక్కుండా నేనే ఆరోగ్య కేంద్రానికి ఫోను చేశాను. బండి మర్నాడు గానీ రాలేదు. తెల్ల తొడుగులు వేసుకున్న ఇద్దరు దిగారు. ఒకతను దుంగను కాలితో పక్కకు తోశాడు. నమెత్సోని బయటికి తెస్తుంటే ఆమె పెదాలు నల్లబడి ఉన్నాయి. "బిడ్డ ఆకలితో ఉన్నాడు" అన్న మాట ఒక్కటే అనగలిగింది. వాకిట్లో అందరి ముక్కుల్లోనూ పుల్లలు పెట్టారు. వాళ్ళలో జబ్బు ఉన్నది సెతున్యాకేనని తేలింది. పెద్దమ్మకు లేదు, సెగమెత్సికి లేదు, బిడ్డకు లేదు. బండి వెళ్ళిపోయాక పెద్దమ్మ దుంగను ఎత్తి, బిడ్డ ఉన్న గది గుమ్మానికి మళ్ళీ అడ్డంగా పెట్టింది.

నమెత్సో గాబొరోన్ ఆసుపత్రిలో పోయింది. శవాన్ని ఒక రాత్రి ఇంట్లో ఉంచుకోనివ్వలేదు, పాటలు పాడనివ్వలేదు. బండి నేరుగా గోతి దగ్గరికే వచ్చింది. తల్లిని దూరంగా నిలబెట్టారు. ఇరవయ్యారేళ్ళ పిల్ల, నేను ఎత్తుకుని తిప్పిన పిల్ల. నేను ఏడ్చాను, ఇంటికొచ్చి గిన్నెలు తోముతూ మళ్ళీ ఏడ్చాను.

వాళ్ళింటికి రాకపోకల మీద కట్టడి తీసేశాక, పాలపొడి డబ్బా పట్టుకుని వెళ్ళాను. దుంగ దాని చోటే ఉంది. పెద్దమ్మ గది లోపల ఉంది, బిడ్డ ఆవిడ ఒళ్ళో ఉన్నాడు. కన్నకూతుర్ని పూడ్చి వచ్చిన కాళ్ళతో దుంగ దాటిందన్న మాట, దాటడానికి ఇంకెవరున్నారు గనక. సెతున్యా మాత్రం వాకిట్లో కుళాయి కింద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. పాదాలు నాని ముడతలు పడ్డాయి.

"ఏంటే ఇది, ఈ చలిలో? లోపలికెళ్ళు."

"నేను వెళ్ళకూడదు టీచర్."

"నీ శిష్యురాలు కదా, ఎందుకో నువ్వే అడుగు" అంది పెద్దమ్మ లోపల్నుంచి.

పిల్ల తలెత్తలేదు. పిన్ని దగ్గర పడుకోవడం మొదలుపెట్టిన కొత్తలోనే పెద్దమనిషి అయిందట. ఎవరికీ చెప్పలేదు. పాత గుడ్డల కుట్లు విప్పి వాడుకుని, చీకట్లో ఉతుక్కుని ఆరేసుకుంది. "చెబితే గదిలోకి రానివ్వరు కదా టీచర్. బాబు నా వేలు పట్టుకుంటాడు. అందుకని చెప్పలేదు. నా కాళ్ళు అప్పటికే వేడెక్కిపోయాయి. పిన్నికి తగిలింది." పూడ్చి వచ్చిన రోజున అమ్మమ్మకు తనే చెప్పేసిందట.

"నీ కాళ్ళ వల్ల కాదే. అది ఊపిరిలోంచి వచ్చింది, నీ బెంచీలో పిల్ల దగ్గర్నుంచి నీకు, నీ దగ్గర్నుంచి పిన్నికి. నీకు తెలీదు. నీ తప్పు కాదు." గది వైపు తిరిగాను. "పెద్దమ్మా, చెప్పు దీనికి. పరీక్షలో ఏం తేలిందో నీ ముందే చెప్పారు."

"సెతున్యా, పొయ్యిలోకి కట్టెలు ఏరుకురా పో" అంది పెద్దమ్మ.

పిల్ల గేటు దాటేదాకా పెద్దమ్మ ఆగింది. బిడ్డ వీపు నిమురుతూ, నా వంక చూడకుండా మాట్లాడింది.

"తెలీదనుకుంటున్నావా? నువ్వొచ్చి చెప్పిన ప్రతి మాటా చెవుల్లో మోగుతోంది నాకు. కాళ్ళ వల్ల కాదంటే, గిన్నె ఇచ్చి పంపిన నా చేతుల వల్ల. మాస్కు తియ్యమన్న నా నోటి వల్ల. ఈ చేతులతోనే వీణ్ణి పెంచాలి టీచరమ్మా. ఈ నోటితోనే జోల పాడాలి. మోదిరి వచ్చి తన కొడుకుని నా చేతుల్లోంచి తీసుకోవాలి. తప్పు దాని కాళ్ళ మీదే ఉండనీ. అది చిన్నపిల్ల, మర్చిపోతుంది."

"మర్చిపోదు."

"బళ్ళో నీ సైన్సు నువ్వు చెప్పుకో. నేను కాదనను."

"నమెత్సోని జబ్బు తీసుకుపోయింది పెద్దమ్మా. దీన్ని నువ్వు తీసుకుపోతున్నావు." అంత మాట అనాలని అనుకోలేదు కానీ అనేశాను, అన్నందుకు బాధ కూడా లేదు. ఆవిడ బిడ్డను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంది. పాలపొడి డబ్బా దుంగ మీద పెట్టి వచ్చేశాను.

సెతున్యా బడికి తిరిగొచ్చాక క్లాసంతటికీ ఆ పాఠం చెప్పాను. బోర్డు మీద ముక్కు, గొంతు, ఊపిరితిత్తులు గీశాను. జబ్బు గాలిలో ఎలా వెళ్తుందో చెప్పాను. మనిషి కాళ్ళకీ జబ్బుకీ ఏ సంబంధమూ లేదని రెండుసార్లు చెప్పాను, దాన్ని చూస్తూ చెప్పాను. ఈ జబ్బు ఎలా అంటుకుంటుంది అని అడిగితే అదే ముందు చెయ్యెత్తింది. దగ్గు వల్ల, ఊపిరి వల్ల, మూసిన గదిలో దగ్గరగా ఉండడం వల్ల. ఒక్క ముక్క తప్పు లేకుండా చెప్పి కూర్చుంది. హమ్మయ్య అనుకున్నాను.

మర్నాడు పొద్దున గేటు దగ్గర పిల్లలు నీళ్ళ పీపా ముందు వరసలో నిలబడి చేతులు కడుక్కుంటున్నారు. నీళ్ళు మంచులా ఉన్నాయి. సెతున్యా వంతు వచ్చింది. అందరిలాగే సబ్బు రాసుకుని చేతులు కడుక్కుంది. తర్వాత బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి లోపల పెట్టి, ఒక్కో పాదమూ పీపా కింద పెట్టింది.

"చేతులే కడగమన్నారే, తొందరగా జరుగు" అంది వెనక పిల్ల.

"ఆగవే" అంది సెతున్యా. "ఇంకా చల్లబడలేదు."

నేను వరసను రెండో పీపా వైపు మళ్ళించాను.