తలుపు మీది పేరు

రాయిని చూసి దాని వయసు చెప్పగల మనిషి ఇమ్మానుయేలు. యూనివర్సిటీలో జియాలజీ లెక్చరరు. క్యాంపస్ వెనక పరుచుకున్న బండలన్నిటి జాతకాలూ ఆయన దగ్గరున్నాయి. అలాంటివాడికి సొంత కారు పుట్టుపూర్వోత్తరాలు తెలియకపోవడం నామోషీగానే ఉంటుంది. ఆ నామోషీ పోగొట్టుకోబోయి అంతకు వెయ్యిరెట్లు నామోషీ నెత్తికెత్తుకున్నాడు.

కారు దొరికింది ముషీరాబాద్‌లో, పాత ఇనుప సామాను షెడ్డులో, గోనెపట్టాల కింద. అరవై ఏడు వేసవిలో. రెండే సీట్లు, పైకప్పు లేదు, పొడుగాటి ముక్కు, విలాయతీ ఎం.జి. ఎవరో డ్రైవరు సీట్లో కోళ్ళగంప పెట్టుకున్నారు. అమ్మినవాడికి దాని గురించి తెలిసింది ఒకటే ముక్క: మౌలాలి వైపు ఒక జాగీర్దారు దేవిడీలోంచి, అంటే పాత బంగళాలోంచి, వచ్చిందట.

ఆ మాట ఇమ్మానుయేలుకు తెగ నచ్చింది. ఎందుకు నచ్చిందో తెలిస్తే ఆయన్ని మరీ తిట్టుకోలేం. బాపట్ల దగ్గరి పల్లెలో వాళ్ళ నాన్న చర్చిలో గంట కొట్టి, ఆదివారం బడి నడిపి, పిల్లల్ని చదివించాడు. కాలేజీలో మొదటిరోజే తోటి విద్యార్థులు "మీదేం ఇంటిపేరు, మీ తాతగారెవరు" అని అడిగితే నాలుక పిడచకట్టుకుపోయింది. ఇప్పటికీ స్టాఫ్‌రూములో ఒకాయన తాత దివాను, ఇంకొకాయన తాత జమీందారు. టీ తాగినంతసేపూ ఆ తాతలే తిరుగుతుంటారు. తనకు ఎలాగూ లేదు, తన కారుకైనా ఒక వంశం ఉంటే బాగుండునని ఆయన ఆశ.

"కారుకు తాతముత్తాతల్ని తర్వాత వెతుకుదురు గానీ, ఇంట్లోకి కిరసనాయిలు తెండి ముందు" అనేది శాంతమ్మ, ఆయన భార్య. ఆవిడ బడిపంతులమ్మ. గొప్పలంటే చిన్నప్పటినుంచీ పడదు.

ఆయన వింటేగా. ఇంజను మీది నంబరు రాసుకుని ఇంగ్లండులో కంపెనీకి ఉత్తరం వేశాడు. మూడు నెలలకు జవాబొచ్చింది: ముప్ఫై ఏడులో తయారైంది, బొంబాయికి ఓడెక్కింది, ఆ తర్వాత మాకు తెలియదు. ఈలోగా సీట్లకు ఆకుపచ్చ రెక్సిన్ కుట్టించాడు. గొంతు బొంగురుపోయిన హారను తీయించి కొత్తది పెట్టించాడు. ఒక ఆదివారం డ్యాష్‌బోర్డు మీది పాత రంగు గీకుతుంటే, స్టీరింగుకు సరిగ్గా ఎదురుగా, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద ఇత్తడి రేకు బయటపడింది. దానిమీద రెండు వరసల ఉర్దూ. పైన పెద్ద అక్షరాలు, కింద చిన్నవి.

ఉర్దూ అక్షరాలు, అందులోనూ జాగీర్దారు కారులో. ఇంకేముంది, నవాబుగారి పేరూ బిరుదూ అని తేల్చేశాడు.

హైదరాబాదు వచ్చి ఏడేళ్ళయినా ఇమ్మానుయేలుకు ఉర్దూ చదవడం రాదు. కానీ "కాస్త వచ్చు" అని అందరికీ చెప్పి ఉన్నాడు. ఇప్పుడెవరి దగ్గరికైనా పోయి ఇదేమిటని అడిగితే ఆ కాస్తా రాదని తేలిపోతుంది. అందుకని అడగలేదు. అడగకపోవడానికి కారణం ఇంతే, ఇంతకన్నా గొప్పదేం కాదు.

రోజూ పొద్దున్నే కారు తుడిచేది కొమురెల్లి, జియాలజీ శాఖ అటెండరు. మౌలాలి మనిషి, యాభై ఏళ్ళవాడు, మితభాషి. నిజాం జమానాలో ఏడో జమాతు దాకా ఉర్దూలోనే చదివాడు. కిందటేడు రికార్డు అసిస్టెంటు పని ఖాళీ అయితే దరఖాస్తు పెట్టుకున్నాడు. అది ఇమ్మానుయేలు బల్ల మీదికే వచ్చింది. కొమురెల్లికి ఇంగ్లీషు రాదు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. ఇమ్మానుయేలు దరఖాస్తు మూల "చదవడం రాదు" అని రాసి సంతకం పెట్టాడు. రెండో నిమిషంలో మరిచిపోయాడు కూడా.

రేకు బయటపడ్డ మర్నాడు కొమురెల్లి తడిగుడ్డ చేతపట్టుకుని దానిముందు అలాగే నిలబడిపోయాడు.

"సార్, గీ పేరు మీకెట్ల దొరికింది?"

"వెతికితే దొరకనిదేముంది కొమురెల్లీ. నీకు తెలుసా ఈయన?"

"తెల్వకేం సార్. మంచిగ తెలుసు."

ఇమ్మానుయేలు పొంగిపోయాడు. అటెండరుకు కూడా తెలిసిన నవాబన్నమాట. "చూశావా మరి. ఇలాంటి పేర్లు మరుగునపడిపోకూడదు. పదిమందీ చూడాలి. రెండు తలుపుల మీదా పెద్దగా రాయిస్తున్నా."

కొమురెల్లి తడిగుడ్డ పిండి రేకును ఒకసారి తుడిచాడు. తర్వాత, "పుణ్యముంటది సార్" అన్నాడు. ఆ రోజు నుంచీ కారు తుడిచేటప్పుడు ముందు ఆ రేకు తుడిచేవాడు, ఆ తర్వాతే మిగతాది. పనిమీద భక్తి అనుకున్నాడు ఇమ్మానుయేలు.

ముషీరాబాద్‌లో సైన్‌బోర్డులు రాసే ఒక ముసలాయన దగ్గరికి కారు తీసుకుపోయాడు. ఆయన వంగి రేకు చదివి, కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"గీయన మీకు ఏమైతడు సాబ్?"

"మావాళ్ళే అనుకో" అన్నాడు ఇమ్మానుయేలు దర్జాగా. "కింది వరస వద్దు. పైది చాలు. బంగారు రంగులో రాయి."

"అల్లా మీకు సబర్ ఇయ్యాలె" అన్నాడు ముసలాయన మెల్లగా. సబర్ అంటే ఓపిక అని ఇమ్మానుయేలుకు తెలుసు. రంగు ఆరేదాకా ఓపిక పట్టమంటున్నాడని అర్థం చేసుకుని, పక్క హోటల్లో కూర్చుని రెండు చాయ్‌లు తాగాడు.

ఆ తర్వాత ఏడాది పాటు ఇమ్మానుయేలును పట్టుకోవడం ఎవరితరమూ కాలేదు. తార్నాకలో అద్దె ఇంటి నుంచి యూనివర్సిటీ దాకా ఉన్న కాస్త దూరానికీ మూడుసార్లు హారను కొట్టేవాడు. స్టాఫ్‌రూములో దివానులనూ జమీందారులనూ పక్కకు నెట్టి నవాబును దింపాడు. అక్కడ ఉర్దూ చదవడం వచ్చినవాడు ఒక్కడూ లేడు. ఆ నవాబు వేటకు పోయాడు, పందెంలో గెలిచాడు, ఒక దొరసానిని ఈ కారులోనే గోల్కొండ తిప్పి చూపించాడు. పేరు మాత్రం ఎప్పుడూ పూర్తిగా రాలేదు. "నవాబ్" అన్నాక దగ్గు వచ్చేది, దగ్గు తగ్గాక "జంగ్ బహద్దూర్" అనేవాడు.

ఇంకో ముచ్చట కూడా జరిగింది. తార్నాక చౌరస్తాలో పండ్లగంప పెట్టుకుని కూర్చునే ముసలమ్మ ఒకతె ఉండేది. కారు వస్తుంటే లేచి నిలబడేది. సీతాఫలాల కాలం వచ్చాక, కారు ఆగగానే గంపలోంచి అన్నిటికన్నా పెద్ద పండు తీసి ఆయన ఒళ్ళో పెట్టేది. పైసలిస్తే తీసుకునేది కాదు. తలుపు మీద ఒకసారి చెయ్యేసి, ఆ చెయ్యి కళ్ళకద్దుకునేది. నవాబుల జమానా మనిషి, పెద్దింటి బండంటే ఇంకా గౌరవం పోలేదు అని ఇమ్మానుయేలు ఇంట్లో చెప్పి నవ్వేవాడు. పండ్లు మాత్రం తినేవాడు.

అరవై ఎనిమిది నవంబరులో ఆర్ట్స్ కాలేజీ ముందు తోటలో అధ్యాపకులందరికీ తేనీటి విందు జరిగింది. ఇమ్మానుయేలు కారును అందరికీ కనబడేచోట నిలిపాడు. చుట్టూ పదిమంది చేరారు. దొరసాని కథ సగంలో ఉండగా, ఉర్దూ శాఖలో పనిచేసి రిటైరైన ఖుర్షీద్ సాహెబు చేతికర్ర ఊతంతో వచ్చి తలుపు ముందు నిలబడ్డాడు.

"ఇమ్మానుయేలు సాబ్, దీంట్ల జంగ్ లేదు, బహద్దూర్ లేదు" అన్నాడు నెమ్మదిగా. "బిక్షపతి వల్ద్ చంద్రయ్య అని ఉన్నది. చంద్రయ్య కొడుకు బిక్షపతి."

దివానుగారి మనవడు నవ్వడం మొదలుపెట్టాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. "అయితే దొరసానిని తిప్పింది బిక్షపతి అన్నమాట" అన్నారెవరో. ఖుర్షీద్ సాహెబు ఒక్కడే నవ్వలేదు. లోపలికి వంగి రేకు మీది రెండో వరస చూశాడు. "ఇది చనిపోయిన తేదీ. ఫస్లీ పదమూడు వందల యాభై అయిదు. అంటే నలభై ఆరు" అని కర్ర తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇమ్మానుయేలుకు తల కొట్టేసినట్టయింది. ఆ తలతో నేరుగా ఇంటికి పోయినా కొంత గౌరవం మిగిలేది. పోలేదు. టీ కప్పుల పళ్ళెంతో నిలబడ్డ కొమురెల్లిని చెట్టు చాటుకు పిలిచి విరుచుకుపడ్డాడు.

"ఇది నవాబు పేరు కాదని నీకు ముందే తెలుసు. ఎందుకు చెప్పలేదు? నలుగురిలో నన్ను నవ్వులపాలు చేశావు."

"నవాబని నేనెప్పుడన్న సార్? మీకు తెలిసే రాయిస్తున్నరనుకున్న. మరుగునపడొద్దు, పదిమంది చూడాలె అన్నరు గద."

"ఎవడసలు ఈ బిక్షపతి?"

కొమురెల్లి పళ్ళెం పక్కనున్న పిట్టగోడ మీద పెట్టాడు. "మా అక్క కొడుకు సార్" అన్నాడు.

బిక్షపతికి అప్పుడు ఇరవై ఏళ్ళు. తెల్లారగానే మౌలాలి నుంచి సైకిల్ మీద పాలు తెచ్చి ఇక్కడి హాస్టళ్ళలో పోసేవాడు. ఒకరోజు జాగీర్దారు కొడుకు ఈ కారు తోలుకుంటూ వచ్చి గుద్దేశాడు. పెద్దల పంచాయితీలో అంతా సర్దుబాటైపోయింది. జాగీర్దారు తల్లి ఒక్కతె ఊరుకోలేదు. ఈ రేకు కొట్టించి, మనవడు కూర్చునేచోట కళ్ళెదురుగా పెట్టించింది. "నడిపినన్ని దినాలు ఈ పేరు చదువుకుంట నడుపు" అన్నదట. వాడు ఆరునెలలు నడిపి, ఇక చాతగాక రేకు మీద రంగు పూసేసి బండిని షెడ్డులో పడేశాడు.

"ఆయన ఆర్నెల్లకంటె ఎక్కువ చూడలేకపోయిండు సార్" అన్నాడు కొమురెల్లి. "మీరేమో బంగారంతోని రాయించిన్రు. అక్కకు నేనే చెప్పిన. ఎంత ఏడ్చిందో, అంత సంబురపడ్డది. మీకు రోజు పండిచ్చేది మా అక్కనే. భారతమ్మ."

ఇన్నాళ్ళూ ఒళ్ళో పడ్డ పండ్లన్నీ ఇమ్మానుయేలుకు ఒక్కసారి గుర్తొచ్చాయి. ఇంతసేపూ పడ్డ సిగ్గు అసలు సిగ్గే కాదని అప్పుడు తెలిసింది. నలుగురు నవ్వితే పోయేది పరువు. ఇది పరువు సంగతి కాదు. చచ్చిపోయిన పిల్లవాడి పేరును ముఖాన పూసుకుని ఊరేగాడు, ఆ తల్లి చేత దండం పెట్టించుకున్నాడు.

మూడు రోజులు చౌరస్తా తప్పించి లాలాగూడ మీదుగా చుట్టు తిరిగి పోయాడు. రంగు తుడిపించేస్తే పీడా పోతుందనుకున్నాడు. శాంతమ్మతో జరిగిందంతా చెప్పి అదే అన్నాడు.

"తుడిపించి ఆవిడకేం చెప్తారు?" అని అడిగింది శాంతమ్మ. "నిజం చెప్పకపోయారో, ఆ ఇంటి పండు ఇంకొక్కటి కూడా నా గడప తొక్కనివ్వను" అనేసి బడికి వెళ్ళిపోయింది.

నాలుగో రోజు కొమురెల్లి వచ్చి, "అక్క అడుగుతున్నది సార్, సారుకు పానం బాగలేదా అని" అన్నాడు. ఇమ్మానుయేలు అతన్ని పక్కసీట్లో కూర్చోమన్నాడు. ఏడాదిగా ఆ సీటు తుడిచినవాడు అందులో కూర్చోవడం అదే మొదటిసారి.

చౌరస్తాలో కారు ఆగగానే భారతమ్మ లేచి, పండు ఏరి పట్టుకుని వచ్చింది. ఇమ్మానుయేలు దిగి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"అమ్మా, ఇది మీ అబ్బాయి పేరని తెలిసి రాయించలేదు నేను. ఎవరో నవాబు పేరనుకున్నాను. గొప్ప కోసం రాయించుకున్నాను." మిగిలింది కూడా అన్నాడు. "నాకు చదవడం రాదు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ గుర్తురాలేదు, దాన్ని తాను ఇదివరకు ఎక్కడ రాశాడో. పక్కన కొమురెల్లి నేల చూస్తూ నిలబడ్డాడు. ఇమ్మానుయేలు అతని ముఖంలోకి చూడలేకపోయాడు.

భారతమ్మ చేతిలోని పండు కేసి చూసుకుంది. దాన్ని తీసుకుపోయి గంపలో పెట్టేసి వచ్చింది. కోపం చేసినా బాగుండేది. చెయ్యలేదు.

"నాకు గూడ రాదు" అంది. "తుడిపేస్తవా మరి?"

"మీరెలా అంటే అలా."

"ఉండనీ. వాని పేరు ఇంకేడ రాసి లేదు బిడ్డ." తలుపు దగ్గర గొంతుకూర్చుంది. "రోజు చెయ్యి పెడ్త గని, ఏడ పెడ్తున్ననో నాకు ఎర్క లేదు. మావోని పేరు ఏడికెల్లి మొదలైతది? చూపియ్యి."

ఇమ్మానుయేలు ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఏడాదిగా పదిమందికీ చూపించిన అక్షరాలే అవి. చూపుడువేలు చాచి, ఎడమ చివర ఆనించాడు.

"అటుకెల్లి కాదు సార్" అన్నాడు కొమురెల్లి, ఎవరికీ వినబడకూడదన్నట్టు. "ఇటుకెల్లి."

ఇమ్మానుయేలు వేలు తీసి కుడి చివర పెట్టాడు.