పళ్ళాయన బొమ్మలు

ఆయన్ని వీధిలో అందరూ పళ్ళాయన అనేవారు. పళ్ళు పీకే డాక్టరు కాదు, ఆ డాక్టర్లకి పళ్ళు చేసిపెట్టే మనిషి. వాళ్ళు రోగి నోటి అచ్చు పంపిస్తే, ల్యాబులో తలొంచుకుని కూర్చుని, పింగాణి పొడి తడిపి, సన్న కుంచెతో పొర మీద పొర వేసి, కొలిమిలో కాల్చి పంటికి తొడిగే క్యాపు తయారుచేసేవాడు. ఊళ్ళో సగం నవ్వులు ఆయన చేతి చలవే. ఆయన నవ్వు మాత్రం ఎవరూ పెద్దగా చూసింది లేదు.

భార్య పోయింది. పొద్దున్నే టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, వెనక్కి తిరిగి, అక్కడే కూలబడిపోయింది. గుండె అన్నారు. పళ్ళాయన ఏడవలేదు. ఓదార్చడానికి సిద్ధపడి వచ్చినవాళ్ళకి ఓదార్పించుకునే మనిషి దొరక్క, పాపం, వాళ్ళే ఇబ్బందిపడి కుర్చీలు సర్దుకున్నారు. చీమ కుట్టినట్టయినా లేదని వెనకాల చెవులు కొరుక్కున్నారు. ఆయనకీ అదే అనుమానం. పన్ను పీకేముందు మత్తు సూది వేస్తే చెంప ఉంటుంది గానీ మనది కానట్టుంటుంది చూడండి, ఆయనకి ఒళ్ళంతా అలా ఉంది. నొప్పి ఎక్కడో ఉండే ఉంటుంది, తగలడం లేదు.

ఒక్కగానొక్క కూతురు. తండ్రి పొడికళ్ళు చూస్తూ ఆ ఇంట్లో ఉండలేక మేనమామ ఇంటికి వెళ్ళిపోయింది. అక్కణ్ణించే ఉద్యోగానికి వెళ్ళేది. పోట్లాడి వెళ్తే బతిమాలి తెచ్చుకోవచ్చు. పోట్లాడలేదే! “కొన్నాళ్ళు అక్కడుంటా నాన్నా” అంది, అంతే. ఆ కొన్నాళ్ళు ఎంతకీ తెమలడం లేదు.

అప్పుడే ల్యాబు యజమాని కొత్త కొలిమి కొన్నాడు. పాతదాన్ని పట్టుకుపొమ్మని పళ్ళాయనకి ఇచ్చేశాడు. టీ గ్లాసు పట్టేంత కడుపు దానికి. అందులో కాలితే పన్ను కాలాలి, లేదంటే వేలెడంత మనిషి కాలాలి. ఇంట్లో పళ్ళు ఎవరిక్కావాలి? అలా మొదలయ్యాయి బొమ్మలు. చేతులు ఊరుకోలేదు, చేశాడు.

నేర్పినవాళ్ళెవరూ లేరు. పళ్ళ పొడితో చేసిన మొదటి తల కాస్తా కరిగి చొక్కా గుండీలా పరుచుకుంది. బొమ్మల మట్టి తెప్పించాడు. తల లోపల బోలుగా తొలిచి గాలి పోవడానికి కన్నం వదలాలని తెలియక, వరసగా తలలన్నీ టప్పుటప్పున పేలాయి. మట్టి కాలితే ఎంత కుంచించుకుపోతుందో అంచనా అందక, చేతులొకరివీ భుజాలొకరివీ అన్నట్టు తయారయ్యాయి. పేలితే బాధపడలేదు, నిలిస్తే సంబరపడలేదు. ముక్కలు ఊడ్చి, మళ్ళీ మట్టి కలిపేవాడు.

బావమరిది చూడ్డానికి వచ్చాడు. నోరు ఊరుకునే రకం కాదు.

“బావా, ఇన్నాళ్ళూ మనుషులకి పళ్ళు పెట్టావు. ఇప్పుడు పళ్ళంతేసి మనుషుల్నే పుట్టిస్తున్నావా? బ్రహ్మగారు వింటే ఉద్యోగం మానేస్తాడు!”

“ఊఁ” అన్నాడు పళ్ళాయన. జోకు అక్కడే చచ్చిపోయింది.

పోనుపోను చెయ్యి తిరిగింది. గోడ అరల నిండా ఆడవాళ్ళు. బస్సు కోసం మెడ చాచినావిడ, తెగిన చెప్పు చేత్తో పట్టుకున్నావిడ, తడిసిన గొడుగు ముడుస్తున్నావిడ. ఒక ఆదివారం కూతురు చలికోటు తీసుకెళ్దామని వచ్చి, ఆ అరల ముందు చాలాసేపు నిలబడిపోయింది.

“ఇంతమందిని చేశావు. అమ్మ ఏది?”

పళ్ళాయన అరల వంక చూశాడు.

“అమ్మని చెయ్యి నాన్నా, ఇంటికొచ్చేస్తా” అంది నవ్వుతున్నట్టుగా. గుమ్మం దాటబోతూ ఆగింది. “అసలు గుర్తుందా నీకు?”

ఆ మాట పట్టుకుంది ఆయన్ని. భార్య ఫొటోలన్నీ ముందేసుకున్నాడు. అన్నిట్లోనూ ఆవిడ గుర్తింపు కార్డుకి దిగినట్టు పెదవులు బిగించే ఉంది. ఆవిడ నోరు మాత్రం ఆయనకి క్షుణ్ణంగా తెలుసు. ఎత్తుగా ఉన్న ముందు పన్ను అరగదీయించి, పెళ్ళయిన కొత్తలో తనే క్యాపు చేశాడు. రంగు ఎంత బాగా కలిసిందో చెప్పమంటే ఇప్పటికీ చెబుతాడు. ముఖమే ఎంత రమ్మన్నా రావడం లేదు. చేసిన ముఖం చేసినట్టే చెరిపేశాడు. మంచి భర్తే, ఒక్కనాడు మాట తూలిన మనిషి కాదు. అయినా ముఖం రాలేదు.

ఓ రోజు చెయ్యి కడుక్కుంటుంటే చటుక్కున తట్టింది. ఆవిడ నవ్వితే అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది! ఆ వంగిన మెడ, ముడుచుకున్న కళ్ళు, ఆ చెయ్యి. అంతే, ఇక ఆగలేదు. వెంట్రుకల్లాంటి వేళ్ళు విరగకుండా కాలి బయటికొచ్చాయి. ఒక్క వెంట్రుక కుంచెతో కళ్ళు దిద్ది మళ్ళీ కాల్చాడు. ఆవిడే, అచ్చం ఆవిడే. ఆ పూట ఆయనకి ఎన్నాళ్ళకో ఆకలేసింది.

కబురు అందగానే కూతురు బట్టల బ్యాగుతో సహా దిగింది. బొమ్మని అరచేతిలో పెట్టుకుని చూసింది. కళ్ళు చెమ్మగిల్లాయి.

“అమ్మే” అంది. బొమ్మని దగ్గరగా పట్టుకుని, “నోటికి చెయ్యెందుకు అడ్డం పెట్టావు?” అంది.

“నవ్వితే అలాగే కదమ్మా. పన్ను ఎత్తుగా ఉందని సిగ్గు. క్యాపు వేశాక కూడా ఆ అలవాటు పోలేదు.”

“ఎప్పుడూ పెట్టుకునేదా?”

“ఎప్పుడూను.”

కూతురు తల అడ్డంగా ఊపింది. “నువ్వుంటేనే నాన్నా. నువ్వు అటు ల్యాబుకి వెళ్ళావో లేదో, ఇటు మేమిద్దరం పగలబడి నవ్వుకునేవాళ్ళం. పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగేది. ‘మీ నాన్న ముందు నవ్వాలంటే రిపేరుకొచ్చినట్టుంటుందే, నవ్వు చూడరు, పన్ను చూస్తారు’ అనేది అమ్మ. కోపంగా కాదులే. నవ్వుతూనే అనేది.”

పళ్ళాయనకి నొప్పి తగిలింది. ఇన్నాళ్ళూ ఎక్కడుందో తెలియని నొప్పి సరిగ్గా రొమ్ము మధ్య తగిలింది.

“ఎలా నవ్వేది? చూపించు.”

“నాకెలా వస్తుంది నాన్నా!”

“నీకే వస్తుంది. ఒక్కసారి చూపించు తల్లీ.”

ఆమె బొమ్మని బల్లమీద పెట్టింది. ఏం గుర్తొచ్చిందో ఏమో, ముందు అనుకరించబోయింది, తర్వాత నిజంగానే నవ్వొచ్చేసింది. తల వెనక్కి వాల్చి, తొడ చరుచుకుంటూ, ఊపిరాడనంత నవ్వు. ఇరవయ్యేళ్ళ పైన కాపురం చేసిన ఇంట్లో ఆయన మొదటిసారి వింటున్న నవ్వు.

విని ఊరుకోక, చూశాడు. అలవాటు పాడుగాను, చూపు తిన్నగా కూతురి పై పళ్ళ వరసకి పోయింది. కోరపన్ను పక్కది కొంచెం మెలి తిరిగింది, అంచు అరిగింది. రెప్పపాటే చూశాడు.

నవ్వు ఠక్కున ఆగిపోయింది. కూతురి చెయ్యి లేచి నోటికి అడ్డం వచ్చింది.

“చూడను! చూడనమ్మా” అంటూ పళ్ళాయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. “ఇదుగో, మూసేసుకున్నాను. నవ్వు.”

ఆమె నవ్వలేకపోయింది. మూసిన ఆ రెప్పల కిందనుంచి నీళ్ళు కారి గడ్డం దాకా వస్తున్నాయి. ఆయన తుడుచుకోవడం లేదు, తెలిస్తేగా!