పాత కంప్యూటర్ పోయిన రోజు

'కల్యాణ వేదిక' అని కొట్టి దాని కింద పూలగీత లాగుతుండగా తెర మళ్లీ వణికింది. సిద్దిరాములు కంప్యూటర్ నెత్తిన అరచేత్తో ఒక్కటి చరిచాడు. తెర బుద్ధిగా నిలబడింది. ఆరు నెలలుగా ఇదే వరస. ఆ దెబ్బ ఎక్కడ పడాలో, ఎంత పడాలో అతనికి అలవాటైపోయింది.

తొంభై ఏడు ఎండాకాలం, లగ్గాల రోజులు. కరీంనగర్ టవర్ సర్కిల్ వెనక సందులో ఉన్న దయాకర్‌రావు ప్రెస్సుకు ఊపిరాడటం లేదు. సుల్తానాబాద్ నుంచి ఒకరు, పెద్దపల్లి నుంచి ఇంకొకరు, అందరికీ పెళ్లికార్డు ఇవాళే కావాలి. సిద్దిరాములు సన్నటి మనిషి, యాభైకి దగ్గర పడ్డాడు. కళ్లద్దాలకు ఒక పక్క దారం కట్టి ఉంటుంది. ఎడమచేతి బొటనవేలి గోరు నల్లగా, మందంగా ఉంటుంది. సీసపు అక్షరాలను పట్టెలో పేర్చి, జారిపోకుండా ఆ వేలితో అదిమి పట్టిన ఏళ్ల గుర్తు అది. ఎన్ని సబ్బులు అరగదీసినా పోలేదు.

ఆ సీసపు కాలం పోయినప్పుడు అక్షరాలను గోనెసంచుల్లోకి ఎత్తింది కూడా అతనే. 'క' అరలోంచి పిడికెడు, 'మ' అరలోంచి పిడికెడు, అన్నీ కలగలిపి పాత ఇనుము వాడికి. మర్నాడు దయాకర్‌రావు అతన్ని ఈ కంప్యూటర్ ముందు కూచోబెట్టి, "గిది నేర్సుకో, ఇగ నీకు జిందగీ అంతా ఫికర్ లేదు" అన్నాడు. సిద్దిరాములు నమ్మాడు. ఆ వయసులో బళ్లో వేసిన పిల్లవాడిలా ఒక్కో మీట మీద తెలుగు అక్షరం రాసిన కాగితం ముక్క అతికించుకుని నేర్చుకున్నాడు. ముక్కలు అరిగి ఊడిపోయేసరికి వేళ్లకు వచ్చేసింది. ఇప్పుడు కళ్లు మూసుకున్నా ఏ ఒత్తు ఎక్కడుందో వేలే వెళ్లి వాలుతుంది.

ఇవాళ కొత్త కంప్యూటర్ వచ్చింది. అట్టపెట్టె విప్పుతున్నవాడు హైదరాబాద్ కంపెనీ మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. పాతది తీసుకుని కొత్తది ఇవ్వాలని ఒప్పందం. కొత్తదాని మీద సిద్దిరాములుకు కోపం లేదు. తెర వణకని యంత్రం ఎవరికి చేదు? అతను అడిగింది ఒకటే. తన వేళ్లకు తెలిసిన ఆ తెలుగు సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లోకి రావాలి. వస్తే పని ఉంటుంది, రాకపోతే లేదు. దయాకర్‌రావు వారం కిందటే మాటిచ్చాడు.

"మన రెండు ఫ్లాపీలున్నయి గదా, అవి ఏస్తే అయిపాయె. నువ్వు పరేషాన్ గాకు."

ఆ రెండు ఫ్లాపీలే ఆధారం. లోపల నడుస్తున్నదాన్ని కాపీ తీసి వేరేదాంట్లో వేస్తే పనిచేయదు. దొంగతనం జరగకుండా తయారుచేసినవాళ్లు అట్లా బిగించారు. ఆ తయారుచేసినవాళ్లు దుకాణం ఎత్తేసి ఎప్పుడో పోయారు.

దయాకర్‌రావు గోడ గూట్లోంచి ఫ్లాపీలు తెచ్చాడు. బాసర సరస్వతి పటం ముందు వాటి చోటు. అక్షరాలున్న వస్తువు అమ్మవారి దగ్గర కాక ఇనప బీరువాలో ఉంటుందా? కంపెనీ మనిషి కళ్లకద్దుకున్నట్టే తీసుకుని మొదటిది కొత్తదాంట్లో దూర్చాడు. గర్రుమంది. మళ్లీ దూర్చాడు. ఇసుక నమిలినట్టు చప్పుడు. రెండోదీ అంతే. బయటికి తీసి, దాని మీదున్న రేకును పక్కకు జరిపి చూశాడు. చూసి నవ్వాడు.

లోపలి నల్లటి బిళ్ల మీద పసుపు పెచ్చు కట్టి ఉంది. దాని నడుమ కుంకుమ. దాని మీద ఎండిన కొబ్బరినీళ్ల చారిక.

ప్రతి దసరాకూ పూజ చేశారు మరి! అచ్చు యంత్రానికి బొట్టు, కాగితం కోసే కత్తికి బొట్టు, కంప్యూటర్‌కు బొట్టు. ఫ్లాపీకి పైన పెడితే సరిపోతుందా, అక్షరాలుండేది లోపల కదా అని దయాకర్‌రావే రేకు జరపమన్నాడు. సిద్దిరాములు భక్తిగా బొటనవేలితో రేకు జరిపి పట్టుకుంటే, ఆయన ఉంగరపు వేలితో తడి పసుపు అద్దేవాడు. ఇద్దరూ దండం పెట్టేవారు. ఏ ఒక్క ఏడూ తప్పలేదు.

"నీకు తెల్వదా?" దయాకర్‌రావు అరిచాడు. "రోజూ దాని ముంగట కూసునేటోనివి! ఒక్కసారన్న వద్దు సార్ అంటివా?"

సిద్దిరాములు ఒళ్లు భగ్గుమంది. ఇరవై ఏడేళ్లలో ఆయన ముందు గొంతు పెంచినవాడు కాదు.

"నాకెట్ల తెలుస్తది? మీకు తెలుసునా? రేకు వట్టుకున్నది నేను, బొట్టు వెట్టింది మీరు. ఇద్దరం గల్సి నాశనం జేసినం. మరి తిట్లు నాకొక్కనికేనా?"

బైండింగ్ దగ్గర కార్డులు మడుస్తున్న ఐలవ్వ చేయి ఆగిపోయింది.

అతను గుక్క తిప్పుకుని, ఈసారి బతిమాలాడు. "సార్, పాతది గా మూలకు ఉండనియ్యుండ్రి. కొడ్తే నడుస్తది గదా. నేను దాని మీదనే జేసుకుంట."

"కంపెనీకి మాట ఇచ్చిన. పాతది ఇయ్యాల్సిందే."

కంపెనీ మనిషికి ఈ గొడవ తేల్చేయాలనిపించినట్టుంది. కొత్తదాని తీగలు సర్దుతూ, "కొత్త సాఫ్ట్‌వేర్ ఇంకా బాగుంటుందండీ. ఇంగ్లీషులో కొడితే తెలుగు పడుతుంది. రేపటి నుంచి వచ్చే అమ్మాయికి అదే వచ్చు కదా. పోయిన నెలే మాట్లాడుకున్నామన్నారు" అన్నాడు.

పోయిన నెల!

సిద్దిరాములు దయాకర్‌రావు మొహంలోకి చూశాడు. ఆయన పటం వైపు చూస్తున్నాడు. ఓహో, తనకు మాట ఇచ్చింది వారం కింద, మనిషిని కుదిర్చింది నెల కింద. ఫ్లాపీలు అద్దంలా మెరుస్తూ ఉన్నా రేపు తన కుర్చీలో వేరే మనిషి. మరి ఈ వేషమంతా ఎందుకు? తప్పు నీదేరా అని చెప్పి పంపడానికి పసుపు దొరికిందా? సీసం సంచుల్లోకి ఎత్తమంటే ఎత్తాడు. నేర్చుకోమంటే నేర్చుకున్నాడు. ఒక మనిషి ఎన్నిసార్లు అ ఆలు దిద్దాలి? దిద్దుతానన్నా చెప్పేవాడేడీ? ఇంగ్లీషు అక్షరాలు అతనికి ఆకారాలుగా తెలుసు, ఏది ఏ చప్పుడో తెలియదు.

"నిన్నెవడన్న పొమ్మన్నడా?" దయాకర్‌రావు గొంతు తగ్గించాడు. "ఐలవ్వ పక్కపొంటి కూసో. కార్డులు మడువు. జీతం గట్లనే ఉంటది."

సిద్దిరాములు పాత కంప్యూటర్ ముందుకు కుర్చీ జరుపుకుని కూచున్నాడు. సుల్తానాబాద్ హనుమండ్లు బిడ్డ పెళ్లికార్డు సగంలో ఉంది, అతను బయట బెంచీ మీద ఎదురుచూస్తున్నాడు. మిగతా సగం కొట్టాడు. వేళ్లు మీటలను గుద్దుతుంటే బల్ల అదిరింది. బంధుమిత్రుల అభినందనలు దాకా వచ్చి, తప్పులు చూసి, ప్రింటు తీసి హనుమండ్లు చేతికే ఇచ్చాడు. తిరిగొచ్చి స్విచ్చి తానే కట్టేశాడు. తెర మధ్యలో తెల్లటి చుక్క నిలిచి ఆరిపోయింది. కంపెనీ మనిషి దాన్ని ఎత్తుకుని ఆటోలో పెట్టాడు.

"రేపు జర జల్ది రా" అన్నాడు దయాకర్‌రావు.

సిద్దిరాములు బయటికి నడిచాడు. టవర్ సర్కిల్ దాటి డాంబరు రోడ్డు ఎక్కాక అరికాళ్లు చురుక్కుమన్నాయి. దుమ్ము పోకుండా కంప్యూటర్ గది బయటే చెప్పులు విడవాలని నియమం. ఆగాడు. వెనక్కి వెళితే మళ్లీ ఆయన మొహం చూడాలి. "థూ" అని రోడ్డు పక్కన ఉమ్మి, మండే కాళ్లతోనే ముందుకు పోయాడు. ఆ గడప మళ్లీ తొక్కలేదు.

మర్నాడు పొద్దున కొత్త అమ్మాయి వచ్చింది. లోపల ఎవరో పెద్దమనిషి ఉన్నాడనుకుని పైట సర్దుకుంది. గది గుమ్మం పక్కన మడమ దగ్గర అరిగి, బొటనవేలి చోట గుంట పడిన రబ్బరు చెప్పులు ఒక జత, లోపలికే మొహం చేసి ఉన్నాయి.